గ్యాస్ బండకు కట్టిన గుదిబండలు

కొత్త గ్యాస్ కనెక్షన్ కోసం ఏజెన్సీ మెట్లెక్కిన ఆడపడుచుకు మన గోదావరి జిల్లాల్లో మొదట వినపడే మాట ఏమిటో అందరికీ తెలిసిందే.

"పొయ్యి కూడా ఇక్కడే తీసుకోవాలమ్మా!"

"ఇంట్లో పొయ్యి ఉందండీ. మా పుట్టింటోళ్ళు ఇచ్చారండీ."

"అది కుదరదమ్మా. కంపెనీ రూలు."

ఆ రూలు ఏ కాగితంలో ఉందో చూపించమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అడిగినా కనెక్షన్ ఇవ్వమని మొహం మీద చెప్పరు. "స్టాకు లేదమ్మా, వచ్చే నెల కనపడండి" అంటారు. వచ్చే నెలా అదే మాట. రెండుసార్లు ఆటో చార్జీలు పెట్టుకుని తిరిగాక, రెండు రోజుల కూలి పోగొట్టుకున్నాక, ఆ తల్లి అప్పో సప్పో చేసి పొయ్యి డబ్బులు కూడా కట్టేస్తుంది. పొయ్యితో పాటు లైటరు, కొన్నిచోట్ల టీ పొడి ప్యాకెట్టు కూడా సంచిలో పడతాయి.

ఈ వారం మేం రాస్తున్నది ఆ రూలు గురించే. ఎందుకంటే అలాంటి రూలు లేదు!

ఉద్యమ పత్రిక గ్యాస్ పొయ్యి గురించి రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. రాష్ట్రం కావాలని అడిగేవాళ్ళు నీళ్ళ గురించి, నిధుల గురించి, ఉద్యోగాల గురించి కదా రాయాలి అనవచ్చు. వాళ్ళకు చివర్లో జవాబు చెబుతాం. ముందు సంగతి వినండి.

లేని రూలు, ఉన్న రూలు

వంటగ్యాస్ అమ్మకానికి కేంద్రం 2000 సంవత్సరంలో తెచ్చిన ఉత్తర్వు ఉంది. నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చిన ఉత్తర్వు అది. ఆయిల్ కంపెనీలు తమ డీలర్లకు పెట్టిన నిబంధనలూ ఉన్నాయి. డీలరు దగ్గరే పొయ్యి కొనాలని వాటిలో ఎక్కడా లేదు. ఐఎస్ఐ గుర్తు ఉన్న పొయ్యి ఏ కొట్లో కొన్నా చెల్లుతుంది. బయట కొన్న పొయ్యిని డీలరు మనిషి వచ్చి చూసి, అందుకు నిర్ణయించిన రుసుము తీసుకుని, రసీదు ఇవ్వాలి. అంతే!

ఒక సరుకు కావాలంటే ఇంకో సరుకు కొనాల్సిందే అని మెలిక పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతి కింద లెక్కగట్టింది. ఆ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. అంటే కౌంటరు వెనక కూర్చుని "రూలు" అన్న మనిషే రూలు తప్పుతున్నాడన్నమాట. దొంగే దొర అయిపోయి చట్టం చెబుతుంటే మనం చేతులు కట్టుకుని వింటున్నాం.

ఇందులో ఇంకో మర్మం కూడా ఉంది. కనెక్షన్‌కు కట్టే డబ్బులో సిలిండరుకు, రెగ్యులేటరుకు కట్టేది డిపాజిట్టు. అది మన సొమ్ము. కనెక్షన్ వదులుకున్న రోజున తిరిగి రావాలి. పొయ్యికి కట్టింది ఖర్చు. అది తిరిగి రాదు. ఈ రెండింటినీ కలిపేసి "మొత్తం ఇంతమ్మా" అని ఒకే అంకె చెబుతారు. ఏది డిపాజిట్టో ఏది ఖర్చో తెలియని మనిషి రేపు ఏ ఊరికి బదిలీ అయినా, ఏ కారణంతో కనెక్షన్ వదులుకున్నా, తనకు రావాల్సింది ఎంతో అడగలేదు. అందుకే వోచరు భద్రంగా దాచుకోవాలి. అందులో డిపాజిట్టు ఎంతో విడిగా రాసి ఉంటుంది. పొయ్యికి వేరే బిల్లు అడిగి తీసుకోవాలి.

గుమ్మం దగ్గర చిల్లర

కనెక్షన్ వచ్చాక అయినా కథ అయిపోతుందా? బండ గుమ్మం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదలు. బిల్లు మీద ఒక అంకె ఉంటుంది. కుర్రాడి నోట ఇంకో అంకె వస్తుంది. "పైన ముప్ఫై ఇవ్వండమ్మా." రెండో అంతస్తు అయితే యాభై. పండగ వస్తే మామూలు వేరే.

ఏజెన్సీ పరిధిలో బండను ఇంటికి చేర్చే ఖర్చు బిల్లు రేటులోనే కలిసి ఉంటుంది. దూరంగా ఉన్న ఊళ్ళకు అదనంగా ఏమైనా తీసుకోవాలంటే దానికీ అధికారిక రేటు ఉండాలి, అది కాగితం మీద కనపడాలి. మనమే గోడౌనుకు వెళ్ళి బండ తెచ్చుకుంటే ఆ చేరవేత ఖర్చు బిల్లులోంచి తగ్గించాలి కూడా. ఈ సంగతి ఏజెన్సీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండటం ఎవరైనా చూశారా?

ముప్ఫై రూపాయలే కదా, పోనీలే అనుకుంటాం. ఒకసారి చేతివేళ్ళ మీద లెక్క వేయండి. ఒక ఇంటికి ఏడాదికి ఎనిమిది బండలు అనుకుందాం. ఎనిమిది ముప్ఫైలు రెండు వందల నలభై. వెయ్యి కనెక్షన్లున్న ఊరు అనుకుంటే రెండు లక్షల నలభై వేలు. ఏ రసీదులోనూ కనపడని సొమ్ము ఇది. ఇదే సొమ్ము ఇంటిపన్నుగా వేస్తే ఊరంతా పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుంటుంది!

అయితే ఒక్క మాట. బండ మోసే కుర్రాడి మీద విరుచుకుపడి ప్రయోజనం లేదు. చాలాచోట్ల అతనికి సరైన జీతం ఉండదు. "జనం దగ్గర తీసుకోరా" అని చెప్పి పంపుతారు. ఎండలో బండలు మోసి వాడు చెడ్డపేరు తెచ్చుకుంటాడు. చల్లని గదిలో కూర్చున్నవాడు జీతం ఖర్చు మిగుల్చుకుంటాడు. మనం అడగాల్సింది కుర్రాడిని కాదు, వాణ్ణి పంపినవాణ్ణి.

తూకం మాటా అంతే. ఇంటి బండలో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. ఖాళీ బండ బరువు ఎంతో దాని మెడ దగ్గరే రాసి ఉంటుంది. రెండూ కలిపితే రావాల్సిన తూకం. అడిగితే తూచి చూపించాల్సిన బాధ్యత తెచ్చినవాళ్ళదే. చేపల సంతలో పావుకిలో తేడా వస్తే తక్కెడ పట్టుకుని నిలదీసే మనం, వందల రూపాయలు పోసి కొన్న బండను ఎప్పుడైనా తూచమన్నామా?

"కంపెనీ నుంచి వచ్చామండి"

మధ్యాహ్నం వేళ మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. మెడలో కార్డు, భుజాన సంచి. "గ్యాస్ కంపెనీ నుంచి వచ్చామండి, తనిఖీ." సరాసరి వంటింట్లోకి. గొట్టం వంచి చూసి నాలుక చప్పరిస్తారు. "అమ్మో, ఎప్పుడైనా పేలిపోద్దండీ ఇది!" ఆ మాటతో ఇల్లాలి గుండె జారిపోతుంది. గొట్టం మారుస్తారు, ఏదో సేఫ్టీ పరికరం అంటూ ఒక బిళ్ళ తగిలిస్తారు, డబ్బులు తీసుకుని వెళ్ళిపోతారు. సాయంత్రం ఏజెన్సీకి ఫోన్ చేస్తే "మేం ఎవర్నీ పంపలేదండీ" అంటారు.

మా పత్రికాఫీసు ఉన్న వీధిలోనే ఇది జరిగింది. భయపెట్టి అమ్మడం కన్నా తేలికైన వ్యాపారం లేదు. నాగరం మంటలు చూసిన గడ్డ మీద "పేలిపోద్ది" అన్న మాటకు ఎంత బలం ఉంటుందో వాళ్ళకు బాగా తెలుసు.

తనిఖీ వద్దని మేం అనడం లేదు. తనిఖీ కావాలి. గొట్టం కాలం చెల్లితే మార్చాల్సిందే. ఆ కాలం అయిదేళ్ళు, అది గొట్టం మీదే అచ్చు వేసి ఉంటుంది. వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపి, గ్యాస్ పుస్తకం మీద ఉన్న ఏజెన్సీ నంబరుకు ఫోన్ చేసి అడగండి. నిజమైనవాడైతే నిలబడతాడు. దొంగ అయితే పక్కింటికి కూడా వెళ్ళడు.

ఉచితం అంటే ఎంత?

డీలర్ల సంగతి అలా ఉంచండి. ప్రభుత్వాలు అమ్మిన మాటలు ఇంకా పెద్దవి.

1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం తెచ్చింది. డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. మంచి పనే. కొబ్బరి డొక్కలు, మట్టలు, ఊక పొయ్యిల పొగలో కళ్ళు పోగొట్టుకున్న మన తల్లులకు అది పెద్ద ఊరట. కాదనం. అయితే ప్రభుత్వం కట్టింది డిపాజిట్టు. పొయ్యి, గొట్టం, నింపిన గ్యాస్ ఖర్చు ఆ మహిళలదే. సభల్లో మాత్రం "ఉచిత గ్యాస్" అన్న మాటే మోగింది.

2016 మే 1న కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. అప్పుడూ ఉచితం అన్నారు. పొయ్యికి, మొదటి బండకు డబ్బు లేనివాళ్ళకు అప్పు ఇచ్చారు. ఆ అప్పు తీరేదాకా తర్వాత బండల మీద రావాల్సిన సబ్సిడీని పట్టుకున్నారు. అప్పు ఇస్తే అప్పు అని చెప్పాలి. ఉచితం అని చెప్పి అప్పు రాయించుకోవడాన్ని ఊళ్ళో వడ్డీవ్యాపారి చేస్తే ఏమంటాం? ఈ లోపం పైవాళ్ళకూ తెలిసొచ్చింది. 2018లో మొదటి ఆరు బండల దాకా ఆ వసూలును వాయిదా వేశారు. 2021 ఆగస్టులో వచ్చిన రెండో విడతలో పొయ్యి, మొదటి బండ నిజంగానే ఉచితం చేశారు. అంటే మొదటి విడతలో కాదనే కదా!

సబ్సిడీ సంగతి చూడండి. 2013 జూన్‌లో బ్యాంకు ఖాతాలో సబ్సిడీ వేసే పద్ధతిని దేశంలో మొదట కొన్ని జిల్లాల్లో పెట్టారు. అందులో మన తూర్పు గోదావరి ఒకటి. "ముందు పూర్తి ధర కట్టండి, తేడా మీ ఖాతాలో పడుతుంది" అన్నారు. కట్టడం అలవాటైంది. పడటం మాత్రం క్రమంగా తగ్గి, 2020 మే నుంచి మామూలు ఇళ్ళకు దాదాపు ఆగిపోయింది. సబ్సిడీ ఎత్తేశామని ఏ మంత్రీ సభపెట్టి చెప్పలేదు. ఖాతా పుస్తకం చూసుకున్నవాళ్ళకే తెలిసింది.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం దీపం-2 పేరుతో ఏడాదికి మూడు బండలు ఉచితం అంది. ఇక్కడా ముందు మనం కట్టాలి, తర్వాత మన ఖాతాలో పడాలి. డబ్బు పడినవాళ్ళు సంతోషించారు. చేతిలో ఆ రోజున డబ్బు లేని కూలి మనిషికి ఆ ఉచితం ఎలా అందుతుంది? ఇచ్చేదాన్ని మేం తప్పుపట్టడం లేదు. పేరు సరిగ్గా పెట్టమంటున్నాం. తర్వాత తిరిగి ఇచ్చేదాన్ని తిరిగి ఇచ్చేది అనే చెప్పండి.

ఇప్పుడు ఇదే మాట కప్పు మీదికెక్కింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకం పేరు చెప్పుకుని మన పట్టణాల్లో సోలార్ పలకలు అమ్మేవాళ్ళు ఇంటింటికీ తిరుగుతున్నారు. "ఇక జన్మలో కరెంటు బిల్లు కట్టక్కర్లేదండీ" అంటున్నారు. ఆ పథకంలో మూడు కిలోవాట్లకు వచ్చే సబ్సిడీ 78 వేల రూపాయలు. అంతకు మించి రాదు. అది కూడా పలకలు బిగించాక వస్తుంది. మిగతాది సొంత సొమ్మో బ్యాంకు అప్పో. ఆ అప్పు కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. అమ్మేవాడి నోటిమాట కాగితం మీద లేకపోతే అది మాటే కాదు.

దొరల దేశంలో ఏం చేశారు?

ఇలాంటివి మన దగ్గరే కాదు, బ్రిటన్‌లోనూ జరిగాయి. అక్కడ ఇంటింటికీ తిరిగి గ్యాస్, కరెంటు కనెక్షన్లు మార్పించే అమ్మకగాళ్ళు ఉండేవాళ్ళు. మా దగ్గరైతే మీకు తక్కువ పడుతుందని చెప్పి, నిజానికి ఎక్కువ పడే రేట్లు అంటగట్టారు. అక్కడి నియంత్రణ సంస్థ విచారణ చేసి, ఎస్ఎస్ఈ అనే పెద్ద కంపెనీకి 2013 ఏప్రిల్‌లో కోటీ అయిదు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. గమనించండి. గుమ్మం దగ్గర కుర్రాడు చెప్పిన అబద్ధానికి పైనున్న కంపెనీ జవాబు చెప్పాల్సి వచ్చింది!

మన దగ్గర ఏమవుతుంది? కంపెనీని అడిగితే డీలరు వేరంటుంది. డీలరును అడిగితే కుర్రాడు వేరంటాడు. కుర్రాణ్ణి అడిగితే "నాకేం తెలుసమ్మా" అంటాడు. చివరికి పోయింది మన డబ్బే కాబట్టి తప్పు మనదే అన్నట్టు మిగులుతుంది.

మన ఇల్లు కూడా చక్కబెట్టుకుందాం

ఇప్పుడు ఉద్యమ మిత్రులకు జవాబు.

మన సభల్లో మనమూ ఒక మాట అమ్ముతున్నాం. "మన కాళ్ళ కింద గ్యాస్ తీసుకుపోయి మనకే బండ వందలకు వందలు అమ్ముతున్నారు" అంటున్నాం. చప్పట్లు పడతాయి. కానీ ఆ మాట సగమే నిజం. నరసాపురం, రాజోలు, తాటిపాక చుట్టూ భూమిలోంచి, గాడిమొగ ఎదుట సముద్రంలోంచి వచ్చేది గొట్టాల్లో పోయే సహజవాయువు. బండలో వచ్చేది వేరే రకం గ్యాస్. దేశానికి కావాల్సిన ఆ గ్యాస్‌లో సగం కన్నా ఎక్కువ విదేశాల నుంచే దిగుమతి అవుతోంది. రెండూ ఒకటే అని చెప్పి జనాన్ని రెచ్చగొడితే, లేని రూలు చెప్పే డీలరుకూ మనకూ తేడా ఏముంది?

నిజం చెప్పినా మన వాదం బలం తగ్గదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నాగరంలో గొట్టం పగిలి నిద్రలో ఉన్న జనం కాలిపోయారు. 2009 నుంచి గాడిమొగ తీరం చేరిన గ్యాస్ గుజరాత్‌లోని భరూచ్ దాకా గొట్టంలో పోయింది. ప్రమాదం మన గడప దగ్గర, ప్రయోజనం ఎక్కడో. మన ఇళ్ళకు గొట్టపు గ్యాస్ మొదటి హక్కుగా రావాలని అడగడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి? దీనికి అబద్ధం కలపాల్సిన పనేముంది?

ఇంకో చేదు నిజం కూడా రాస్తాం. మన సభలకు షామియానా వేయించినవాళ్ళలో, చందా రాసినవాళ్ళలో గ్యాస్ డీలర్లూ ఉన్నారు. అందుకే ఈ విషయం మీద మనవాళ్ళు ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. మేమూ మెదపలేదు. ఆ తప్పులో మా వాటా మేం ఒప్పుకుంటున్నాం. నిజాయితీగా వ్యాపారం చేసే డీలరుకు ఈ రాతతో నష్టం లేదు. మిగతావాళ్ళు చందా ఆపేస్తామంటే ఆపేయవచ్చు.

2014లో రాష్ట్రం రెండయింది. ఏజెన్సీ కౌంటరు దగ్గర మాట మారిందా? 2022 ఏప్రిల్ 4న మన రెండు జిల్లాలు విడిపోయి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలు వచ్చాయి. కలెక్టరాఫీసు దగ్గరైంది. బండ మీద చిల్లర తగ్గిందా? లేదు. గీతలు గీసినంత మాత్రాన ఏదీ మారదు. దగ్గరికి వచ్చిన ఆఫీసును మనం అడిగితేనే మారుతుంది. ముప్ఫై రూపాయల దగ్గర నోరు తెరవలేని జనం రేపు సొంత రాష్ట్రంలో మూడు వేల కోట్ల లెక్క అడుగుతారా? రేటు పెరిగితే రోడ్డెక్కుతాం. రేటు మీద రేటు వేస్తే తలుపేసుకుంటాం. ఆ అలవాటు పోకుండా రాష్ట్రం వస్తే బోర్డు మారుతుంది గానీ బతుకు మారదు.

కాబట్టి మా మనవి ఇది. ప్రతి మండలంలో మన కార్యకర్తలు ఈ నెలలో ఒక్క పని చేయాలి. నలుగురు కలిసి తమ ఊరి ఏజెన్సీకి వెళ్ళాలి. బండ రేటు, చేరవేత ఖర్చు, స్టాకు, పొయ్యి బయట కొనుక్కోవచ్చన్న మాట అందరికీ కనపడేలా తెలుగులో బోర్డు పెట్టమని అడగాలి. కేకలు వద్దు, అద్దాలు పగలగొట్టడం అసలే వద్దు. పెట్టకపోతే పౌరసరఫరాల అధికారికి కాగితం రాసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు సరుకు విషయమైతే అక్కడ ఫీజు కూడా లేదు, లాయరు లేకపోయినా వింటారు. గ్యాస్ లీకైతే మాత్రం 1906. అది అన్నిటికన్నా ముందు.

బండ వచ్చినప్పుడు బిల్లు అడగండి. బిల్లులో ఎంత ఉందో అంతే ఇవ్వండి. తూచమనండి. ఇంట్లో పొయ్యి ఉంటే ఉందనే చెప్పండి. "రూలు" అన్నవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి. "ఆ రూలు కాగితం మీద చూపించండి బాబూ!"

ఆ ప్రశ్న మన ఆడపడుచుల నోట ప్రతి కౌంటరు దగ్గరా వినపడిన రోజున మన ఉద్యమం ఒక మెట్టు ఎక్కినట్టే.